రిషికేశ్‌లో వేదపాఠం, యోగా, ఉపనిషత్తు: ఎక్కడ ఉండాలి, ఏం చూసుకోవాలి

వేదమంత్రాలు, యోగా, ఉపనిషత్తులు నేర్పుతామని బోర్డు పెట్టిన చోట్లు రిషికేశ్‌లో అడుగడుగునా ఉన్నాయి. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, వెబ్‌సైట్‌లో ఫోటోలూ ఒకేలా ఉంటాయి. లోపల జరిగేదానికి మాత్రం ఒకచోటికీ ఇంకోచోటికీ పొంతన ఉండదు. రెండు రకాల చోట్లా ఉండి వచ్చాను కాబట్టి వెళ్దామనుకునేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పనికొస్తుందని రాస్తున్నాను. నేనైతే ముందు ఒక్క విషయమే అడుగుతాను. మంత్రం సంథ పద్ధతిలో, అంటే గురువు పలికింది పలికినట్టు మనచేత తిరిగి అనిపిస్తూ చెబుతారా, లేక అందరూ కలిసి పాడుకోవడమేనా? గది, భోజనం, గంగ కనిపించే బాల్కనీ, అన్నీ ఆ తర్వాతే.

మొదట దిగింది తపోవన్ వైపు ఒక ప్రైవేట్ రిట్రీట్‌లో. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఎప్పుడు తిప్పితే అప్పుడు వచ్చాయి, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. ఆసనాలు నేర్పిన అమ్మాయికి నిజంగా పని తెలుసు. నా మోకాలి నొప్పి చూసి వజ్రాసనం వద్దని, గోడకి ఆనుకుని కూర్చోమని తనే చెప్పింది. ఇబ్బందంతా వేదపాఠం దగ్గరే. భోజనం అయ్యాక, కళ్లు మూతలు పడే వేళకి పెట్టారు. చేతికిచ్చిన కాగితాల మీద మంత్రాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, ఏ అక్షరం పైకి, ఏది కిందికి పలకాలో చూపించే స్వరం గుర్తు ఒక్కటీ లేదు. హార్మోనియం పెట్టి గాయత్రి, మృత్యుంజయ మంత్రం, శాంతి పాఠం అన్నీ ఒకే బాణీలో పాడించారు. స్వరం సంగతి అడిగితే "భావం ముఖ్యం అండీ" అన్నారు. భావం ముఖ్యమే, కాదనను. కానీ అది భజన అవుతుంది. భజన నాకు చాలా ఇష్టం, దానికి వేదపాఠమని పేరు పెట్టి డబ్బు తీసుకోవడమే బాధ కలిగించింది. సాయంత్రం గీత క్లాసుకి రోజుకొకరు వచ్చి ఎవరికి తోచిన శ్లోకం వాళ్లు చెప్పి వెళ్లారు. మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇవ్వమంటే రూల్ ఒప్పుకోదన్నారు. పైగా శని, ఆదివారాలు రాఫ్టింగ్ కోసం ఢిల్లీ నుంచి వచ్చే కార్లతో ఆ రోడ్డంతా హారన్లే. ప్రాణాయామం చేసుకోవడానికి అనువైన చోటు కాదు.

రెండో చోటు శీశం ఝాడీ వైపు, గంగ ఒడ్డున ఒక ఆశ్రమం. పాఠం చెప్పిన మాతాజీ స్వామి దయానంద సరస్వతి (ఆర్యసమాజం దయానందులు కాదు, మన కాలపు వేదాంత గురువు) పరంపరలో చదువుకున్నవారు. మన తెలుగువాళ్లకి స్వామీజీతో ఒక చుట్టరికం ఉంది. తంజావూరు ప్రాంతంలో పుట్టిన ఆయన వేదాంతంలో తన సందేహాలు తీర్చుకున్నది మన గుడివాడలో, స్వామి ప్రణవానంద గారి దగ్గర. తర్వాత రిషికేశ్‌లో స్థిరపడి, 2015లో అక్కడే దేహం విడిచారు. ఆయన ఆశ్రమమూ ఈ ప్రాంతంలోనే ఉంది. ఈ పరంపరలో ఆడవాళ్లని పక్కన పెట్టరు. మగవాళ్లతో సమానంగా కూర్చోబెట్టి ఉపనిషత్తు చెబుతారు, భాష్యం (వ్యాఖ్యానం) చదివిస్తారు. ఇంటి దగ్గర ఎన్నో పాఠశాలల గుమ్మం దాకా వెళ్లి "ఆడవాళ్లకి చెప్పమమ్మా" అనిపించుకుని వచ్చినదాన్ని. మొదటి రోజు ముందు వరసలో చాప చూపించి "కూర్చోండమ్మా" అన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

తీసుకున్న గ్రంథం ఒక్కటే, తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే మొదటి భాగం. తెలుగునాట ఎక్కువగా వినిపించే వేదం కృష్ణ యజుర్వేదం, అందులోనిదే ఇది. మొత్తం 12 అనువాకాలు, అంటే చిన్న విభాగాలు. ఉదయం చీకటితో లేచి కాసేపు ఆసనాలు, ప్రాణాయామం, ఆ వెంటనే సంథ. టిఫిన్ అయ్యాక అర్థం, శంకర భాష్యం. సాయంత్రం పొద్దున చెప్పింది వల్లె వేయడం. ఈ క్రమం ఎంత ఆలోచించి పెట్టారో నాలుగు మంత్రాలు చెప్పేసరికే తెలిసింది. ప్రాణాయామం మీద లేచిన ఊపిరి పొడుగ్గా నిలుస్తుంది, వాక్యం మధ్యలో తెగదు. అక్కడ యోగా అంటే పాఠానికి ఒళ్లు సిద్ధం చేసుకోవడం. తలకిందులుగా నిలబడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకి అక్కడ నిరాశే.

సంథలో గురువు ఒకసారి అంటారు, మనం రెండుసార్లు అనాలి. మొదటి పూట మొత్తం "సహ నావవతు" ఒక్కదాని మీదే గడిచింది. స్కూల్ ప్రార్థనలోనూ ప్రవచనాల ముందూ విని విని ఇది మనందరికీ ఏదో ఒక రాగంలో నోటికి పట్టేసి ఉంటుంది. అసలు స్వరంలో "స" కిందికి, "హ" మధ్యలో, "నా" పైకి. ఆ తర్వాత "వవతు" అంతా ఎత్తూ పల్లం లేకుండా మధ్య స్థాయిలోనే సాగాలి. నా నోరు మాత్రం పాత రాగంలోకే లాక్కుపోయేది. "అమ్మా, 'హ' దగ్గర లేవకండి, లేవాల్సింది 'నా' దగ్గర" అని మాతాజీ చేయి అడ్డంగా పెట్టి, వేలు పైకెత్తి చూపించేవారు. పాతికమంది గొంతుల్లో ఎవరిది జారిందో ఆవిడ కళ్లు మూసుకునే పట్టేసేవారు. విసుగు లేదు, మెచ్చుకోలు కూడా తక్కువే. సరిగ్గా పలికితే తర్వాతి వాక్యం అందుకునేవారు, అంతే.

ఈ వల్లి మొదట్లోనే "శీక్షాం వ్యాఖ్యాస్యామః" అని వస్తుంది. వర్ణం (అక్షరం), స్వరం, మాత్ర (ఎంతసేపు పలకాలి), బలం, సామ (సమంగా పలకడం), సంతానం (అక్షరాల కలయిక) అని పలుకుబడికి కావలసిన ఆరు సంగతులు వరసగా చెబుతుంది. పొద్దున స్వరం దగ్గర, మాత్ర దగ్గర అవస్థపడి, పది గంటలకి అవే మాటలకి అర్థం వింటుంటే పుస్తకం మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పదకొండో అనువాకంలో "సత్యం వద, ధర్మం చర" దాటాక దానం గురించి వచ్చే వాక్యాల దగ్గర మాతాజీ చాలాసేపు ఆగారు. శ్రద్ధతో ఇవ్వాలి, శ్రద్ధ లేకుండా ఇవ్వకూడదు, ఉన్నంతలో ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, తెలిసి ఇవ్వాలి. ఇచ్చేవాడికి సిగ్గెందుకు అని ఒక పెద్దాయన అడిగారు. ఇంతే ఇవ్వగలిగాను కదా అని ఇచ్చేవాడే తల వంచుకోవాలి అన్నారావిడ. ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మాకందరికీ అదే మాట.

తెలుగు చదవడం వచ్చినవాళ్లకి ఒక పెద్ద సౌకర్యం ఉంది. మన లిపిలో ఒత్తక్షరాలన్నీ ఉన్నాయి, సస్వరంగా అచ్చేసిన పుస్తకాలూ దొరుకుతాయి. "సగ్ంహితాయా" లాంటి చోట ఏం పలకాలో అక్షరాల్లోనే కనిపిస్తుంది. అక్కడ ఇచ్చేవి దేవనాగరి ప్రతులు. అంచేత తెలుగు పుస్తకం ఇంటి నుంచే తీసుకెళ్లండి, పెన్సిల్ కూడా.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక ఫ్యాను. వేడినీళ్లు పొద్దున కాసేపే, ఆలస్యమైతే బకెట్ చన్నీళ్లే. చలికాలం వెళ్తే స్వెటర్‌తో పాటు మందపాటి శాలువా ఉండాలి, హాల్లో నేల మీద కూర్చుంటే చలి నడుములోకి ఎక్కుతుంది. రొట్టె, పప్పు, కూర, కాస్త అన్నం పెడతారు, ఉల్లి వెల్లుల్లి ఉండవు. తిన్న కంచం మనమే కడుక్కోవాలి. కారం లేక నాలుక చప్పబడిందనిపిస్తే టీటీడీ వారి ఆంధ్రా ఆశ్రమం ఊళ్లోనే ఉంది. అక్కడి వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని తెలుగులో నాలుగు మాటలు మాట్లాడినా ప్రాణం లేచొస్తుంది.

శివానంద ఆశ్రమం గురించి చాలామంది అడుగుతారు. 1936లో మొదలైన డివైన్ లైఫ్ సొసైటీ అది. అక్కడి భజన మందిరంలో 1943 డిసెంబర్ నుంచి మహామంత్ర (హరే రామ, హరే కృష్ణ) కీర్తన రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తోంది. తప్పకుండా వెళ్లి కూర్చోండి. బస కావాలంటే బాగా ముందుగా రాసి అనుమతి తెచ్చుకోవాలి. వాళ్ల యోగ వేదాంత ఫారెస్ట్ అకాడమీ రెండు నెలల కోర్సు ఎంతో పేరున్నది, కానీ మగవాళ్లకే. ఇంత మంచి చదువు ఆడవాళ్లకీ తెరవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఉత్తరాది శ్రావణంలో (మన లెక్కలో ఆషాఢ బహుళంలో) శివభక్తులు గంగాజలం మోసుకెళ్లే కావడి యాత్ర రోజులు మాత్రం వద్దు, హరిద్వార్ నుంచే దారులు కిక్కిరిసిపోతాయి. అక్టోబర్, నవంబర్, లేదా ఫిబ్రవరి, మార్చి హాయిగా ఉంటాయి. డెహ్రాడూన్ జాలీ గ్రాంట్ ఎయిర్‌పోర్ట్ నుంచి రిషికేశ్ సుమారు 20 కిలోమీటర్లే. రైల్లో వచ్చేవాళ్లకి యోగ్ నగరి రిషికేశ్ స్టేషన్ ఉంది.

డబ్బు కట్టేముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. ఏ గ్రంథం చెబుతున్నారు, మొదటి నుంచి చివరిదాకా ఒకే గురువు చెబుతారా, ప్రతిలో స్వరాలు గుర్తించి ఉంటాయా? జవాబు తడబడితే గది ఎంత బాగున్నా ఆలోచించుకోండి. ఇంకోటి, ఇంటికొచ్చాక పాఠం కొనసాగుతుందో లేదో కూడా కనుక్కోండి. కొన్ని రోజుల్లో పట్టుకున్న స్వరం సరిచేసేవాళ్లు లేకపోతే తొందరగా జారిపోతుంది. మా మాతాజీ వారానికొకసారి ఆన్‌లైన్‌లో వల్లె వేయిస్తున్నారు. ఇప్పుడు నాలుగో అనువాకంలో ఉన్నాం, "సహ నావవతు"లో 'హ' దగ్గర లేవడం మానేశాను.