హెచ్‌పీ 10811 ఓవెన్ ఆసిలేటర్: విడిగా కొని వాడుకునేవారికి ఒక సమీక్ష

పాడైన ఫ్రీక్వెన్సీ కౌంటర్ తుక్కు కింద అమ్మకానికి వస్తే డిస్‌ప్లే వెలుగుతోందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు మూత తీసి లోపల అరచేతిలో పట్టేంత లోహపు డబ్బా ఉందేమో చూడాలి. హ్యూలెట్-ప్యాకార్డ్ 5370బీ లాంటి కౌంటర్లలో 10 మెగాహెర్ట్జ్ పుట్టేది ఆ డబ్బాలోనే. 5334, 5335ఏ రకాల్లో ఇది ఆప్షన్‌గా వచ్చేది కాబట్టి అన్నింటిలోనూ ఉండదు. పేరు 10811, క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో ఒకే వేడి మీద ఉంచి నిలకడైన ఫ్రీక్వెన్సీ పుట్టించే ఆసిలేటర్. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంటి ప్రయోగశాలకు ఇంతకంటే మంచి క్రిస్టల్ దొరకడం కష్టం. అయితే చాలామంది దాన్ని పాడుచేసేది చుట్టూ పెట్టే వైరింగుతోనే.

లోపల ఉన్నది ఎస్‌సీ కోత (క్రిస్టల్‌ను కోసే కోణాన్ని బట్టి వచ్చిన పేరు) క్రిస్టల్, మూడో ఓవర్‌టోన్ మీద, అంటే మూల కంపనానికి సుమారు మూడు రెట్ల దగ్గర నడుస్తుంది. అంతకుముందు మోడల్ 10544లో ఏటీ కోత ఉండేది. ఎస్‌సీ కోతలో వేడెక్కేటప్పుడు పుట్టే ఒత్తిడి ఫ్రీక్వెన్సీని పెద్దగా లాగదు, అందుకే స్విచ్ వేశాక త్వరగా దారిలో పడుతుంది. పది నిమిషాల్లో తుది విలువకు 0.05 హెర్ట్జ్ లోపు వస్తుందని తయారీదారు స్పెసిఫికేషన్. 24 గంటలు నడిచాక రోజుకు 0.005 హెర్ట్జ్ మించి జరగదు, అంటే 1000 కోట్లలో 5 వంతులు. 10811డీ, 10811ఈ రకాలకు ఒక సెకను స్థిరత్వం లక్ష కోట్లలో 5 వంతులు. నాలుగైదేళ్లు ఆగకుండా నడిచిన డబ్బాలు రోజువారీ జారుడులో స్పెసిఫికేషన్ కంటే చాలా మెరుగ్గా ఉండడం మామూలే.

10811ఏ రకానికి 15 పిన్నుల కార్డ్-ఎడ్జ్ కనెక్టర్ ఉంటుంది, పిన్నుల మధ్య 3.96 మిల్లీమీటర్లు. 10811బీ రకానికి సోల్డర్ కాళ్లూ, ఎస్‌ఎంబీ అనే చిన్న కోయాక్సియల్ సాకెట్లూ, అదురు తట్టుకునే మౌంటూ ఉంటాయి. విడిగా వాడుకోవడానికి బీ సుఖం, కానీ ఎక్కువగా దొరికేది 10811ఏ. కార్డ్-ఎడ్జ్ సాకెట్ దొరక్కపోతే నేరుగా బంగారు పూత మీద సోల్డర్ చేసేస్తుంటారు. పనిచేస్తుంది గానీ, తర్వాత ఏ పరికరంలోనూ తిరిగి దిగదు.

కరెంటు రెండు వైపుల నుంచి ఇవ్వాలి. హీటర్‌కు 20 నుంచి 30 వోల్టులు, ఆసిలేటర్‌కు 11 నుంచి 13.5 వోల్టులు. హీటర్ నిరోధం కనీసం 42 ఓంలు కాబట్టి 24 వోల్టులు ఇస్తే మొదట్లో 0.57 ఆంపియర్ దాకా లాగుతుంది. ఓవెన్ లోపల 80-84 డిగ్రీలు చేరగానే ఆ కరెంటు జారిపోయి, మామూలు గది వేడిలో 2 వాట్ల దగ్గర స్థిరపడుతుంది. ఆసిలేటర్ వైపు 40 మిల్లీఆంపియర్లు దాటదు. హీటర్‌కు మామూలు స్విచింగ్ అడాప్టర్ చాలు. ఆసిలేటర్ 12 వోల్టులకు మాత్రం తక్కువ రొద ఉన్న లీనియర్ రెగ్యులేటర్ పెట్టాల్సిందే. రెండింటినీ ఒకే అడాప్టర్ నుంచి నడిపి, అవుట్‌పుట్ స్పెక్ట్రమ్‌లో 10 మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ అక్కర్లేని పక్క గీతలు కనిపిస్తున్నాయని డబ్బాను తిట్టుకోవడం అన్యాయం.

అసలు కిటుకు ఈఎఫ్‌సీ (ఎలక్ట్రానిక్ ఫ్రీక్వెన్సీ కంట్రోల్) పిన్ను దగ్గర ఉంది. ఆ పిన్నుకు -5 నుంచి +5 వోల్టుల దాకా ఇచ్చి ఫ్రీక్వెన్సీని సన్నగా జరపొచ్చు, మొత్తం పరిధి 1 హెర్ట్జ్ పైచిలుకు. అంటే వోల్టుకు సుమారు 0.1 హెర్ట్జ్. ఇక్కడ లెక్క వేసుకుంటే భయం పుడుతుంది: 1 మిల్లీవోల్ట్ తేడా వస్తే చాలు, 10,000 కోట్లలో ఒక వంతు జరుగుతుంది. 5 వోల్టులిచ్చే మామూలు 7805 రెగ్యులేటర్ డిగ్రీకి అంత తేడా ఇస్తుంది. దానితో ఈఎఫ్‌సీ నడిపితే మీరు గది ఉష్ణోగ్రతను కొలుస్తున్నట్టే. డిగ్రీకి మిలియన్‌లో 10 వంతుల లోపు మారే 5 వోల్టుల రిఫరెన్స్ చిప్ పెడితే ఆ బాధ ఇరవై రెట్లు తగ్గుతుంది. దాని మీద పది చుట్ల పొటెన్షియోమీటర్, తర్వాత ఒక రెసిస్టర్, ఒక ఫిల్మ్ కెపాసిటర్. అంతే. వాడనప్పుడు ఆ పిన్నును గాలిలో వదలకుండా దాని రిటర్న్ (కరెంటు వెనక్కి వెళ్లే గ్రౌండ్ వైపు) పిన్నుకు కలిపేయాలి. వదిలేస్తే కరెంటు లైన్ల హమ్ అంతా అందులోకి దూరుతుంది.

గ్రౌండ్ సంగతీ ఇలాంటిదే. హీటర్ రిటర్న్, ఆసిలేటర్ రిటర్న్ డబ్బాలో వేరువేరు పిన్నుల మీద వచ్చేది ఊరికే కాదు. రెండింటినీ ఒకే సన్నటి తీగతో వెనక్కి తెస్తే, గది చల్లబడి హీటర్ కరెంటు 20 మిల్లీఆంపియర్లు పెరిగినప్పుడు 0.05 ఓంల తీగలో సరిగ్గా 1 మిల్లీవోల్ట్ పడుతుంది. అది ఈఎఫ్‌సీతో కలిసిపోయి, క్రిస్టల్ జారుతున్నట్టు కనిపిస్తుంది. రెండు రిటర్న్‌లూ విడివిడిగా సప్లై దాకా వెళ్లి అక్కడే కలవాలి.

ట్యూనింగ్‌కు పైన చిన్న మూత స్క్రూ కింద ముతక సర్దుబాటు ఉంది. 18 చుట్లు, అటూ ఇటూ 10 హెర్ట్జ్, అంటే చుట్టుకు సుమారు 1 హెర్ట్జ్. కనీసం ఒక రోజు వేడెక్కాకే ముట్టుకోవాలి. ముందు కౌంటర్‌తో 0.1 హెర్ట్జ్ లోపుకు తేవాలి. ఇది దాటవేయకూడదు, ఎందుకంటే తర్వాతి మెట్టులో జీపీఎస్ రిసీవర్ సెకను పల్స్‌తో ఆసిలోస్కోప్‌ను ట్రిగ్గర్ చేసి 10 మెగాహెర్ట్జ్ అలను చూస్తాం. సెకనుకు ఒక్కసారే చూస్తున్నాం గనుక తప్పు 0.5 హెర్ట్జ్ దాటితే అల ఎటు పోతోందో కన్ను పట్టుకోలేదు. లోపలికి వచ్చాక, అల ఎడమకు జరిగితే ఫ్రీక్వెన్సీ ఎక్కువ, కుడికి జరిగితే తక్కువ. ఒక పూర్తి అల, అంటే 100 నానోసెకన్లు, జరగడానికి 100 సెకన్లు పడితే తప్పు 0.01 హెర్ట్జ్. 1000 సెకన్లు పడితే 0.001. స్క్రూతో 0.01 దాకా వెళ్లొచ్చు, అక్కడికే నాలుగు డిగ్రీల తిప్పుడు. మిగతాది ఈఎఫ్‌సీతోనే. నెగెటివ్ సప్లై లేనివారు ఈఎఫ్‌సీని 2.5 వోల్టుల దగ్గర ఉంచి స్క్రూ సర్దుకుంటే, ముందు ముందు జారుడుకు రెండు వైపులా చోటు మిగులుతుంది. పని అయ్యాక మూత బిగించడం మరవొద్దు.

ఇదంతా డబ్బా ఏ భంగిమలో ఉండబోతోందో అదే భంగిమలో చేయాలి. తలకిందులు చేస్తే గురుత్వం వల్లే 0.04 హెర్ట్జ్ దాకా మారొచ్చు. బల్ల మీద పడుకోబెట్టి ట్యూన్ చేసి, పెట్టెలో నిలబెట్టి బిగిస్తే ఆ శ్రమంతా వృథా. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకూడదు.

ఇక పాత డబ్బాల్లో తరచుగా కనిపించే జబ్బు: థర్మల్ ఫ్యూజ్. కంట్రోల్ చెడి ఓవెన్ హద్దు మీరితే 110 డిగ్రీల దరిదాపుల్లో తెగడానికి పెట్టింది, ఏళ్ల తరబడి 80 పైన ఉడికి ఉడికి ఏ తప్పూ లేకుండానే తెగిపోతుంది. లక్షణాలు స్పష్టం. హీటర్ కరెంటు దాదాపు సున్నా, డబ్బా చల్లగా ఉంటుంది, ఫ్రీక్వెన్సీ స్క్రూకు అందనంత దూరంలో ఉంటుంది, అయినా అవుట్‌పుట్‌లో శుభ్రమైన సైన్ వేవ్ వస్తూనే ఉంటుంది. “పరీక్షించాం, 10 మెగాహెర్ట్జ్ వస్తోంది” అనే అమ్మకందారు మాట ఇందుకే చాలదు. చల్లగా స్విచ్ వేసినప్పుడూ, అరగంట తర్వాతా హీటర్ కరెంటు ఎంతో అడగండి. అర ఆంపియర్‌తో మొదలై బాగా పడిపోతే ఓవెన్ బతికే ఉంది. కొత్త ఫ్యూజ్ సోల్డర్ చేసేటప్పుడు కాలును ముక్కు పటకారుతో పట్టుకుని వేడిని అందులోకి లాగాలి, లేదంటే సోల్డరింగ్ ఐరన్ వేడికే అది తెగుతుంది. ఫ్యూజ్ స్థానంలో తీగ ముక్క పెట్టడం మాత్రం వద్దు. కంట్రోల్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిన రోజున ఫోమ్, క్రిస్టల్ కలిసి కాలతాయి.

అవుట్‌పుట్ 50 ఓంలలో 0.55 వోల్ట్ ఆర్‌ఎంఎస్, స్కోప్ మీద శిఖరం నుంచి శిఖరానికి సుమారు 1.55 వోల్టులు. 0.5 కంటే తక్కువ వస్తుంటే కొనకపోవడం మేలు. నాలుగు పరికరాలకు పంచాలంటే టీ కనెక్టర్ల గొలుసు వద్దు, బఫర్ ఆంప్లిఫయర్ కావాలి.

నెలల తరబడి అల్మరాలో పడి ఉన్నదాన్ని మొదటి వారం చూసి తీర్పు చెప్పకూడదు. మూడు నాలుగు వారాలు నడిపాకే దాని అసలు జారుడు తెలుస్తుంది.

రుబిడియం (రుబిడియం అణువుల ఆధారంగా నడిచే ఫ్రీక్వెన్సీ ప్రమాణం) కొనాలా ఇదా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. నెలలపాటు సర్దకుండా వదిలేయాలంటే రుబిడియం. ఒక సెకను, పది సెకన్ల కొలతల్లో మాత్రం మంచి 10811 మామూలు టెలికాం రుబిడియం డబ్బాను దాటిపోతుంది, దీనికి అరిగిపోయే దీపమూ లేదు. జీపీఎస్‌కు కట్టేస్తే రెండూ దక్కుతాయి. హ్యూలెట్-ప్యాకార్డ్ తన జీపీఎస్ ఆధారిత ఫ్రీక్వెన్సీ పరికరం జడ్3801ఏలో చేసింది అదే, 10811కు ఇంకో ఓవెన్ చుట్టి. స్వయంగా కట్టేవారు లూప్ టైమ్ కాన్‌స్టంట్‌ను, అంటే జీపీఎస్‌ను బట్టి క్రిస్టల్‌ను సర్దే వేగాన్ని నిర్ణయించే సమయాన్ని, 30 సెకన్లకు పెట్టకండి. సెకను పల్స్‌లో 10-20 నానోసెకన్ల వణుకు మామూలే, అదంతా క్రిస్టల్ మీదికి ఎక్కుతుంది. 500 సెకన్లతో మొదలుపెట్టి, గది ఉష్ణోగ్రత నిలకడగా ఉంటే 1000 దాకా పెంచండి.