బంగారు మైలు, ఒక గుర్రం సమాధి: న్యూపోర్ట్‌లో రెండు రోజులు

వేల్స్ వెళ్ళేవాళ్ళు ఎక్కువగా కార్డిఫ్ కోట, స్నోడన్ కొండ చూసి తిరిగి వచ్చేస్తారు. మేము న్యూపోర్ట్ వెళ్ళాం. కారణం గాడ్‌ఫ్రే మోర్గన్ అనే భూస్వామి. 1831లో పుట్టి 1913లో పోయిన ఈ మనిషి యుద్ధం చేశాడు, పదిహేడేళ్ళు పార్లమెంటులో కూర్చున్నాడు, ఆ తరవాత ట్రెడీగర్ ప్రభువయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన బతికిన ఇల్లు, ట్రెడీగర్ హౌస్, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

లండన్ పాడింగ్టన్ నుంచి న్యూపోర్ట్‌కు నేరుగా రైలు ఉంది, రెండు గంటల లోపే చేరుకోవచ్చు. ఊరి మధ్య నుంచి ఆ ఇల్లు మూడు కిలోమీటర్ల పైచిలుకు. సిటీ బస్సు దిగాక కొంచెం నడవాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి వెళ్ళేటప్పుడు టాక్సీ మాట్లాడుకున్నాం.

బస గురించి ముందే చెప్పాలి. మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. ఆ సంగతి బుకింగ్ చేసినప్పుడు ఎవరూ చెప్పలేదు. శాకాహారం కావాలని ముందే రాసినా పొద్దున అమ్మకు దొరికింది రొట్టె, చిక్కుడు గింజలు మాత్రమే. రెండో రాత్రికి కార్డిఫ్ మారిపోయాం. రైలులో పావుగంట ప్రయాణం. పెద్దవాళ్ళతో వెళ్తే కార్డిఫ్‌లో ఉండి న్యూపోర్ట్ వెళ్ళి రావడమే మేలు.

ట్రెడీగర్ హౌస్ ఎర్ర ఇటుకల భవనం. 17వ శతాబ్దంలో కట్టారు. మోర్గన్ వంశం అక్కడ అయిదు వందల ఏళ్ళకు పైగా ఉంది. 1951లో ఇల్లు అమ్మేశాక క్రైస్తవ సన్యాసినులు అందులో బడి నడిపారు, 1974లో నగరపాలక సంస్థ కొన్నది, 2012 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చూసుకుంటోంది. చుట్టూ ఉన్న పార్కులో ఉచితంగా తిరగవచ్చు. ఇంటికీ తోటలకూ టికెట్టు. ఇల్లు అన్ని రోజులూ ఒకే వేళల్లో తెరవరు కాబట్టి ముందు చూసుకుని బయలుదేరండి.

ఇంట్లో బంగారు పూతల గది ఉంది, అందరూ ముందు అక్కడికే పోతారు. అక్కడి స్వచ్ఛంద సేవకులు ఓపికగా, ఇష్టంగా చెబుతారు. నా మాట వింటే ముందు కింది వంటగదికి వెళ్ళండి. పెద్ద పొయ్యి ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. "ఇంతమందికి వండిన ఆడవాళ్ళు ఎప్పుడు తిని ఉంటారో" అంది. ఆ ప్రశ్న విన్నాక పై గదులు నాకు వేరుగా కనిపించాయి.

ఈ ఇంటి డబ్బు ఎలా వచ్చిందో తెలియాలంటే పార్కును చూడాలి. 1805లో కొండల్లోని ఇనుప కర్మాగారాల నుంచి న్యూపోర్ట్ రేవుకు బొగ్గు, ఇనుము తెచ్చే సర్హోవీ పట్టాల బండిదారి తెరిచారు. అది మోర్గన్‌ల భూమి మీదుగా, ఈ పార్కులోంచే, ఒక మైలు పోయేది. ఆ మైలు దాటే ప్రతి టన్నుకూ సుంకం కట్టాలి. జనం దానికి బంగారు మైలు అని పేరు పెట్టారు. గాడ్‌ఫ్రే కాలానికి వంశం చేతిలో దాదాపు 40 వేల ఎకరాలున్నాయి. 1858లో బ్రెక్‌నాక్‌షైర్ నుంచి ఆయన పార్లమెంటుకు వెళ్ళాడంటే ఆ భూమి బలం కూడా కలిసే ఉంటుంది. మా అమ్మ తాత జమీందారుకు శిస్తు కట్టిన మనిషి. అందుకేనేమో నాకు ఆ మైలు ఈ ఇంటికంటే పెద్దదిగా అనిపించింది.

అలాగని ఆయన మంచితనాన్ని కాదనలేను. న్యూపోర్ట్‌లో బెల్ వ్యూ పార్కుకు స్థలం ఇచ్చింది ఆయనే. 1906 సెప్టెంబరు 12న ఉస్క్ నది మీది ట్రాన్స్‌పోర్టర్ వంతెనను ప్రారంభించిందీ ఆయనే. వాహనాలను వేలాడే తొట్టిలో పెట్టి అవతలి ఒడ్డుకు చేర్చే వంతెన అది. మరమ్మతుల వల్ల మేము ఎక్కలేకపోయాం, దూరం నుంచి చూడటానికే బాగుంది.

అన్నిటికంటే నా మనసులో నిలిచింది దేవదారు తోటలోని రాతి స్తంభం. క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబరు 25న బాలక్లావా దగ్గర లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ గుర్రపు దళం రష్యా ఫిరంగుల మీదికి దూకినప్పుడు గాడ్‌ఫ్రే అందులోని 17వ లాన్సర్స్ పటాలంలో కెప్టెను, వయసు ఇరవై మూడు. ఆయనను మోసుకెళ్ళి ప్రాణాలతో వెనక్కి తెచ్చిన గుర్రం సర్ బ్రిగ్స్. అది 1874లో చనిపోతే ఇంటి తోటలోనే పూడ్చి స్తంభం నిలబెట్టారు. అమ్మ చెప్పులు విడిచి దాని దగ్గరికి వెళ్ళింది. "గుర్రానికి గుడి కట్టినట్టుంది నాయనా" అంది. నిజంగానే అంత ప్రేమ ఉంది ఆ రాతిలో. సర్హోవీ దారి మీద తొలి రోజుల్లో బొగ్గు బండ్లు లాగినవి కూడా గుర్రాలే. వాటిలో ఒక్కదాని పేరైనా ఎక్కడైనా రాసి ఉందేమోనని అక్కడున్న పెద్దాయనను అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు కార్డిఫ్ సిటీ హాల్ ఎదుట శిల్పి గాస్కూంబ్ జాన్ మలచిన గాడ్‌ఫ్రే కంచు విగ్రహం చూశాం. బాలక్లావా దాడికి సరిగ్గా 55 ఏళ్ళు నిండిన రోజున, 1909లో, ఆయన బతికుండగానే ఆవిష్కరించారు. గుర్రం మీద కూర్చున్న యువకుడు. పది నిమిషాలు చాలు దానికి. సమయం తక్కువుంటే విగ్రహాన్ని వదిలేసి, ఆ పది నిమిషాలూ దేవదారు తోటలో కూర్చోండి.