పోస్ట్‌ఏలియాస్‌తో పదకొండేళ్లు

మా కాలేజీ మెయిల్ సర్వర్ నా చేతికి వచ్చేనాటికి ఏలియాస్ ఫైల్లో (ఏ పేరుకొచ్చిన మెయిల్ ఏ చిరునామాలకి వెళ్లాలో రాసే ఫైల్) ఆరొందల పైచిలుకు లైన్లున్నాయి. రిటైరైనవాళ్లు, బదిలీ మీద వెళ్లిపోయినవాళ్లు, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియని లిస్టులు అన్నీ అందులోనే. అప్పటినుంచి ఆ ఫైల్‌ని చక్కగా ఉంచడానికి నేను వాడుతున్నది మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌తో పాటే వచ్చే పోస్ట్‌ఏలియాస్ కమాండ్.

పోస్ట్‌ఫిక్స్‌ని వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాశారు, 1998లో బయటికొచ్చింది. ఏలియాస్ ఫైల్ పద్ధతి మాత్రం అంతకుముందు నుంచీ ఉన్న సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌ది: ఎడమవైపు పేరు, కోలన్, కుడివైపు చిరునామాలు. చాలామంది ఫైల్ మార్చి న్యూఏలియాసెస్ అనే కమాండ్ కొట్టి ఊరుకుంటారు. లోపల ఆ ఫైల్‌ని సర్వర్ చదివే డేటాబేస్‌గా మార్చేది పోస్ట్‌ఏలియాసే. దాన్ని నేరుగా వాడితేనే అసలు ఉపయోగం తెలుస్తుంది.

సెండ్‌మెయిల్‌లో న్యూఏలియాసెస్ కొడితే ఎన్ని ఏలియాస్‌లు ఉన్నాయో లెక్క చెప్పేది. పోస్ట్‌ఫిక్స్‌ది అంతా బాగుంటే నోరు మెదపదు. కాబట్టి ఒక్క లైను కనబడినా ఆగి చదవాలి. ఇది నాకు తెలిసొచ్చింది ఒక జులై నెలలో. పరీక్షల విభాగానికి కొత్త మేడమ్ వచ్చారు. నేను ఫైల్ చివర ఎగ్జామ్‌సెల్ పేరుతో ఆమె చిరునామా రాసి, న్యూఏలియాసెస్ కొట్టి, వేరే పనిలో పడ్డాను. పైన ఎక్కడో అదే పేరుతో పాత సార్ లైన్ ఉంది. ఒకే పేరు రెండుసార్లు వస్తే పోస్ట్‌ఏలియాస్ 'డూప్లికేట్ ఎంట్రీ' అని హెచ్చరించి మొదటిదాన్నే ఉంచుతుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. ఆ హెచ్చరిక వచ్చింది, నేను చూడలేదు. మూడు రోజులపాటు సప్లిమెంటరీ పిల్లల అర్జీలన్నీ రిటైరైన సార్ మెయిల్‌బాక్స్‌లోకి వెళ్లాయి. ఒక పిల్లవాడి తండ్రి ఆఫీసుకొచ్చి అడిగితే గానీ బయటపడలేదు. ఆయన ముందు నిలబడ్డప్పుడు పడ్డ బాధ ఇంకా గుర్తుంది.

హెచ్చరిక రాకుండా ఆపే మైనస్ డబ్ల్యూ ఆప్షన్ కూడా ఉంది. దాని జోలికి వెళ్లకండి.

అప్పటినుంచి ప్రతి మార్పు తర్వాత పోస్ట్‌ఏలియాస్‌ని మైనస్ క్యూ ఆప్షన్‌తో ఆ పేరు అడుగుతాను. డేటాబేస్‌లో నిజంగా ఏముందో అదే చూపిస్తుంది. మెయిల్ సర్వర్ చూసేదీ డేటాబేస్‌నే గనక మన కంటికి ఫైల్లో ఏం కనబడుతోందన్నది లెక్కలోకి రాదు. అంతకంటే గొప్పది మైనస్ ఎస్. మొత్తం డేటాబేస్‌ని బయటికి కక్కుతుంది. వరుస ఉండదు కాబట్టి వరుసలో పెట్టే సార్ట్ కమాండ్‌కి పంపి, నిన్నటి కాపీతో డిఫ్ (తేడాలు చూపే కమాండ్) చూసుకుంటాను. మనం రాయని మూడు ఎంట్రీలు అందులో కనిపిస్తాయి: ఒక ఒట్టి ఎట్ గుర్తు, వైపీ అని మొదలయ్యేవి రెండు. అవి పాత సెండ్‌మెయిల్, ఎన్‌ఐఎస్ (నెట్‌వర్క్‌లోని మెషీన్లకు ఇలాంటి జాబితాలు పంచే పాత పద్ధతి)ల కోసం కమాండే చేర్చేవి, కంగారు పడక్కర్లేదు.

ఈ డిఫ్ నన్ను కాపాడింది ఒక వింత పొరపాటు నుంచి. ఖాళీతో మొదలయ్యే లైను పై లైనుకు కొనసాగింపు అని ఏలియాస్ ఫైల్ నియమం. మధ్యలో వచ్చే కామెంట్లు, ఖాళీ లైన్లు ఆ కొనసాగింపును తెంచవు. ఒక పాత ప్రాజెక్టు లిస్టును తీసేద్దామని దాని మొదటి లైను ముందు మాత్రమే హ్యాష్ గుర్తు పెట్టి కామెంట్‌గా మార్చాను. కింది నాలుగు లైన్లలోని చిరునామాలు దానికి పైనున్న లిస్టుకు అతుక్కుపోయాయి. ఆ పైది ప్రిన్సిపాల్ గారి కమిటీ లిస్టు! ఫైల్ చూస్తే ఏ తప్పూ కనబడదు, హెచ్చరికా రాదు. డిఫ్‌లో కమిటీ లైను ఒక్కసారిగా పొడవైపోవడం చూసి ఆగాను. అది పరీక్ష కోసం వేరే ఫోల్డర్లో చేసిన కాపీ కాబట్టి ఒక్క మెయిల్ కూడా దారి తప్పలేదు. మీరూ ముందు కాపీ మీదే నడపండి.

లోపాలూ ఉన్నాయి. మైనస్ క్యూ ఒక్క మెట్టే చూపిస్తుంది. ఏలియాస్ లోపల ఇంకో ఏలియాస్ ఉంటే మళ్లీ అడగాలి. నాకు ఎక్కువ ఇబ్బంది ఇంక్లూడ్ ఫైళ్లతో, అంటే చిరునామాలను విడిగా దాచి ఏలియాస్ లైన్లో దారి మాత్రం ఇచ్చే ఫైళ్లతో. పెద్ద లిస్టులన్నీ వాటిలోనే ఉంటాయి. మెయిల్ వచ్చినప్పుడు చదివే ఫైళ్లు గనక మార్చాక మళ్లీ న్యూఏలియాసెస్ కొట్టక్కర్లేదు, అది సుఖమే. కానీ ఆ ఫైల్ అసలు ఉందా లేదా అని పోస్ట్‌ఏలియాస్ చూడదు, దారి రాసుకుని ఊరుకుంటుంది. లోపలి చిరునామాల జోలికీ పోదు. ఆ తనిఖీ కోసం ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాసుకున్నాను, రోజూ రాత్రి రెండింటికి క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపే ప్రోగ్రాం) నడుస్తుంది.