పర్లాకిమిడిలో రెండు రాత్రులు, రెండు రకాల ఇళ్లు

ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి శివార్లో బావ రెండు వందల గజాల స్థలం కొన్నాడు. ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని కాబట్టి ఒకసారి వచ్చి చూడమన్నాడు. విశాఖ నుంచి గుణుపురం వెళ్లే రైలెక్కాను. నౌపడా దగ్గర మెయిన్ లైను వదిలి పక్కకు తిరిగే ఈ దారి 1900లో పర్లాకిమిడి రాజావారి చొరవతో మొదలైన నారోగేజి లైను. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. బండి నెమ్మదే అయినా కిటికీ సీటు దొరికితే బస్సు కంటే హాయి.

మొదటి రాత్రి కొత్త కాలనీలో లాడ్జి. ఏసీ బాగా పనిచేసింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ రాత్రి ఎనిమిదిన్నరకి ఇడ్లీ కోసం బయటికొస్తే ముప్పై అడుగుల రోడ్డు మీద మనిషి జాడ లేదు. రెండు వైపులా తల ఎత్తు ప్రహరీలు, మూసిన గేట్లు. వీధిలో ఎవరుంటారో పక్కింటివాళ్లకే తెలియదు. కాలువలు ఇంకా తవ్వలేదట, వాన నీళ్లు రోడ్డు మీదే నిలిచాయి. చివరికి ఆటో ఎక్కి పాత ఊళ్లోకి వెళ్లి తినాల్సి వచ్చింది.

రెండో రాత్రి అత్తయ్యగారింట్లో, పాత వీధిలో. ఈ ఇంటి గురించే రాద్దామని కూర్చున్నాను. వీధంతా వరుస ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ. ఇంటి వెడల్పు నా అడుగులతో కొలిస్తే తొమ్మిది, పొడవు యాభై ఎనిమిది. వీధి గుమ్మంలో నిలబడితే గదుల మీదుగా పెరట్లో నూతి గట్టు దాకా కనిపిస్తుంది. గుమ్మాలన్నీ ఒకే వరుసలో ఉండటంతో ఫ్యాన్ లేకుండానే గాలి ఆడుతోంది. ముందు మోకాలెత్తు అరుగు. దాని అంచు ఎన్ని తరాల వాళ్లు కూర్చున్నారో, నున్నగా అరిగి మెరుస్తోంది. సాయంత్రం అత్తయ్య అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురింటావిడ వచ్చి చేయి వేసింది. ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, ఎవరూ ఆగి వెతుక్కోలేదు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా ఈ అరుగు మీద రెండు భాషలూ కూర్చునే ఉన్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. నడిమి గదిలో మధ్యాహ్నం కూడా లైటు వేయాల్సిందే. మరుగుదొడ్డి పెరటి చివర, రాత్రిపూట పెద్దవాళ్లకి కష్టం. బండి పెట్టే చోటు లేదు.

ఉదయం బయటి నుంచి గజపతి రాజమహల్ చూశాం. మద్రాసులో విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ కట్టిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ చిజమ్ దీనికి ప్లాన్ ఇచ్చాడు. తప్పక చూడాల్సిన కట్టడం. కానీ కొత్త ఇళ్లవాళ్లు దాని తోరణాలను సిమెంటులో పోతపోసి బాల్కనీలకు అతికిస్తున్నారు. ఊరి పోలిక అక్కడి నుంచి రాదు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పట్టుబట్టారు. ఇళ్ల విషయంలోనూ నాకు కావలసింది అదే, వాడుక ఇల్లు.

కొమ్ముతో చేసిన దువ్వెనలు కొనడం మాత్రం మరిచిపోవద్దు, ఈ ఊరి పనితనం అది.

సాయంత్రం అరుగు మీదే సుద్దముక్కతో బావకి గీసి చూపించాను. పక్క స్థలం ఆయనతో మాట్లాడి ఒక వైపు ఉమ్మడి గోడ. నడిమి గదికి వెలుగొచ్చేలా పైకప్పు లేకుండా ఆకాశం కనిపించే చిన్న మండువా, దాని పక్కనే బాత్రూం. ప్రహరీ వద్దు, దాని బదులు అరుగు. కార్లు వీధి మొదట్లో ఒకేచోట. బావకి కారు అంత దూరం పెట్టడం నచ్చలేదు, దొంగల భయం అన్నాడు. ఆ మాట కాదనలేకపోయాను. అరుగు మీద కూర్చునేవాళ్లుంటే వీధికి కాపలా ఉన్నట్టేనని అత్తయ్య అంది.

నేను రైలెక్కే వేళకి బావ మేస్త్రీతో ఫోన్‌లో ఉన్నాడు: "అరుగు కాలువ మీదికి రాకూడదు, రెండడుగులు లోపలికి జరుపు."