టీచ్ యువర్ మాన్‌స్టర్ టు రీడ్: ఆట మంచిదే, పక్కన పెద్దవాళ్లుండాలి

హైదరాబాద్‌లో యూకేజీ పిల్లలకు ఇంట్లో ఇంగ్లిష్ చదవడం నేర్పేవాళ్లకు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆడే ఈ బ్రిటిష్ ఆట గట్టి ఆసరా. ఫస్ట్ స్టెప్స్, ఫన్ విత్ వర్డ్స్, చాంపియన్ రీడర్ అని 3 దశలు. అక్షరం పేరుతో కాక ధ్వనితో మొదలై మాటలకు, వాక్యాలకు వెళ్తుంది.

మన పిల్లలకు చిక్కంతా ధ్వనులు కలపడంలోనే. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. 'బస్' మన నోట 'బస్సు' అవుతుంది. అందుకే 'స్-ఇ-ట్' విన్నా బిడ్డ 'సు-ఇ-టు' అంటుంది, కలిపితే 'సిట్' రాదు. పొల్లు హల్లుగానే పలికించండి: 'స్'ని పాము బుసలా సాగదీయాలి, 'ట్'ని టక్కున తెంచాలి. ఇది కుదిరేదాకా తర్వాతి మెట్టుకు వెళ్లొద్దు.

ఈ ఆటల్లో ఎక్కువ భాగం విని నొక్కేవే, పిల్లల నోటి మాటను సరిచూడవు. గుడ్డిగా నొక్కి గెలిచే పిల్లలూ ఉంటారు. నొక్కేముందు పైకి అనిపించండి. చిన్న స్పీకర్‌లో 'స్', 'ఫ్' తేడా తెలియదు, హెడ్‌ఫోన్ పెట్టండి. రోజుకు 10 నిమిషాలు చాలు.

'వాజ్' (was), 'సెడ్' (said) లాంటి మాటలు అక్షరాల ధ్వనులు కూడితే రావు. వాటిని చూపుతోనే గుర్తుపట్టాలి. ఆట అయ్యాక పలక మీద రాయించండి.