స్వాగత కానుకగా ఏది కోరుకోవాలి?

మారియట్ హోటళ్ల సంస్థ తరచూ బసచేసే అతిథుల కోసం నడిపే బాన్‌వాయ్ సభ్యత్వ పథకంలో ఏడాదికి 50 రాత్రుల బసతో దక్కే ప్లాటినం హోదాలో, నేను ప్రతిసారీ శ్రద్ధగా గమనించేది హోటల్‌లో దిగగానే ఇచ్చే స్వాగత కానుకనే. ఆ సంస్థకే చెందిన సెయింట్ రీజిస్, వెస్టిన్ వంటి హోటళ్లలో తర్వాతి బసలకు వాడుకోగల 1,000 పాయింట్లు, ఉదయపు అల్పాహారం, ఆ హోటల్ తరఫున ఏదైనా తినుబండారం లేదా చిన్న వస్తువు, ఈ మూడింటిలో ఒకదాన్ని అతిథే ఎంచుకోవచ్చు. అదే సంస్థకు చెందిన రిట్జ్ కార్ల్‌టన్‌లో మాత్రం అల్పాహారాన్ని ఈ ఎంపికలో చేర్చలేదు. అంత ఖరీదైన చోట ఈ లోటు నాకు ఏమాత్రం సబబుగా తోచదు.

పాయింట్లు బస మొత్తానికి ఒక్కసారే జమ అవుతాయి, అల్పాహారం మాత్రం సభ్యునికీ వెంట ఉన్న మరొకరికీ రోజూ అందుతుంది కాబట్టి, దంపతులుగా మూడు నాలుగు రోజులు ఉండేవారికి దానికి సాటివచ్చేది లేదు. తెల్లవారుజామునే విమానం అందుకోవలసినప్పుడు పాయింట్లే మేలు. ఒక హోటల్‌లో మమ్మల్ని అడగకుండానే పాయింట్లు జమచేసి, మరునాడు అల్పాహారానికి బిల్లు వేశారు. ఎంచుకునే హక్కు అతిథిదని గుర్తుచేశాక ఆ బిల్లును రద్దుచేశారు. పళ్లెంలో అందంగా పేర్చిన మిఠాయిలు మనసుకు హాయినిస్తాయి, కానీ స్థానిక రుచి లేని చాక్లెట్ల కోసం అల్పాహారాన్ని నేను వదులుకోను.