క్యాసెట్ నుంచి బ్లూరే దాకా: పాతికేళ్లు వాడాక నా లెక్క

మొన్న అటక మీద సామానంతా దింపాను. క్యాసెట్లు 31, వీసీడీలు 140 పైన, డీవీడీలు రెండొందల దాకా, బ్లూరేలు 19. కాకినాడ ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఉన్నవి. ఒక్కోటి పెట్టి ఆడించి చూశాను.

క్యాసెట్ల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. 22 క్యాసెట్లకి టేపు మీద తెల్లగా బూజు. అలాంటిది వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌ని కూడా పాడుచేస్తుంది. మా పెళ్లి క్యాసెట్ ఒక్కటి డీవీడీలోకి ఎక్కించుకుని మిగతావాటి మీద ఆశ వదులుకున్నాను.

వీసీడీ మీద మాత్రం ప్రేమ చావలేదు, కోపమూ చావలేదు. బొమ్మ 352 × 288 చుక్కలే. డబ్బా టీవీలో ఆ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు 43 అంగుళాల టీవీలో వాన పాట వచ్చిందంటే తెరంతా గళ్లు గళ్లు. డిస్కుకి 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది కాబట్టి మన సినిమాకి రెండో మూడో డిస్కులు కావాలి. అది ఇంటర్వెల్ దగ్గర ఆగుతుందా? డైలాగు సగంలో ఆగుతుంది. "ఒరేయ్, రెండోది పెట్టరా" అని నాన్నగారు కేకేసేవారు.

వీసీడీలని నేనే స్వయంగా నాశనం చేసిన మాట కూడా చెప్పాలి. గుర్తు కోసం పైభాగంలో బాల్‌పెన్‌తో పేర్లు రాసేవాణ్ని. సీడీలో సమాచారమంతా ఆ లేబుల్ కిందే పల్చటి పూత చాటున ఉంటుందని అప్పుడు తెలీదు. వెలుతురుకి ఎత్తి చూస్తే నా దస్తూరీ మెరుస్తూ కనిపిస్తుంది, సినిమా మాత్రం ఆడదు. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్య ఉంటుంది. అందుకేనేమో అదే అటక మీదున్న డీవీడీల్లో మొరాయించినవి తొమ్మిదే.

2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నది వీసీడీ ప్లేయర్ కదా అని ఆరు రూపాయలకి కక్కుర్తిపడి వీసీడీలే పోగేశాను. ఇప్పటికీ బాధే.

డీవీడీ అయితే చాలు అనుకోకండి. మూడు సినిమాలు ఒకే డిస్కులో కుక్కినవి వద్దు. 4.7 జీబీలో మూడు సినిమాలంటే బొమ్మ వీసీడీకి అన్నలా ఉంటుంది, అంతే. పైగా ఒక కంపెనీ డిస్కుల్లో మూలన లోగో సినిమా అయ్యేదాకా కదలదు. అక్క అమెరికా నుంచి తెచ్చిన తెలుగు డీవీడీలు శుభ్రంగా ఉన్నాయి, సబ్‌టైటిల్స్‌తో సహా. డీవీడీలకి ప్రాంతాల వారీగా రీజియన్ అనే తాళం ఉంటుంది. తను తెచ్చిన ఇంగ్లీషు సినిమాలు మాత్రం అమెరికా తాళం, అంటే రీజియన్ 1వి, మన రీజియన్ 5 ప్లేయర్ వాటిని ముట్టుకోలేదు.

ఇంకో తిరకాసు. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీల పద్ధతైన పాల్‌లో చేసిన డిస్కు ఆడేది 25. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోతుంది, పాట శ్రుతి కాస్త పైకెక్కుతుంది. హార్మోనియం వాయించే మా బాబాయి వినగానే పట్టేశాడు.

బ్లూరేలో ఆ గొడవ లేదు, 24 ఫ్రేములూ ఉన్నవున్నట్టే. తోషిబా వాళ్ల హెచ్‌డీ డీవీడీకీ బ్లూరేకీ మధ్య పోటీ తేలేదాకా ఆగుదామనుకున్నాను. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది, నేను బ్లూరే కొన్నాను. బొమ్మకి వంక పెట్టలేం. కానీ తెలుగులో దొరికేవే కొన్ని. వాటిలోనూ నా దగ్గరున్న రెండు పాత సినిమాలు డీవీడీ బొమ్మని సాగదీసినట్టున్నాయి.

కాబట్టి తెలుగు సినిమాలకి నా ఓటు ఒక డిస్కుకి ఒకే సినిమా ఉన్న డీవీడీకి. కొత్తగా శుభ్రం చేసిన ప్రింటుతో బ్లూరే వస్తే అప్పుడు అది. ఓటీటీ ఉండగా ఇదంతా ఎందుకని మా అబ్బాయి అంటాడు. వాడు సగం చూసి ఆపిన సినిమా తర్వాతి నెలకి అందులో లేదు.

ఇక మిగిలిన టెన్షన్ ప్లేయర్ గురించే. ఒప్పో లాంటి కంపెనీయే 2018లో బ్లూరే ప్లేయర్ల తయారీ ఆపేసింది. అందుకే పోయిన నెల పాత సామాన్ల కొట్లో ఆరొందలు పెట్టి ఇంకో డీవీడీ ప్లేయర్ కొని దాచాను. రిమోట్ లేదు, ట్రే బయటికి రావాలంటే పైన ఒకటి తట్టాలి.